పాత థర్మల్ ప్లాంటు జాగాలో చిన్న అణు రియాక్టర్ పెట్టొచ్చా? ఎస్ఎంఆర్‌ల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

కిన్నెరసాని_కుర్రోడు

అందరికీ నమస్తే. మాది పాల్వంచ. 2024 ఆగస్టులో పాత కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్) కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ ఒకే రోజు కూల్చేసిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ 720 మెగావాట్ల పాత యూనిట్లను అంతకు నాలుగేళ్ల ముందే ఆపేశారు. కొత్త యూనిట్లు నడుస్తున్నాయి కానీ అవి కూడా బొగ్గువే, ఏదో ఒక రోజు వాటి వంతూ వస్తుంది. అప్పుడు మా ఊరి సంగతేంటి అన్నది ఇక్కడ టీ కొట్టు దగ్గర రోజూ నడిచే చర్చ.

ఈ మధ్య ఎక్కడ చూసినా ఎస్ఎంఆర్, ఎస్ఎంఆర్ (స్మాల్ మాడ్యులర్ రియాక్టర్) అంటున్నారు. 2025 బడ్జెట్‌లో వీటి పరిశోధనకు, అభివృద్ధికి రూ.20,000 కోట్లు ప్రకటించారు, 2033 కల్లా మన దేశంలోనే తయారైన చిన్న రియాక్టర్లు కనీసం 5 నడవాలన్నారు, 2047 నాటికి మొత్తం అణు విద్యుత్తు 100 గిగావాట్లు కావాలన్నారు. ఇప్పుడున్నది తొమ్మిది గిగావాట్లు కూడా లేదు. 2025 డిసెంబరులో శాంతి (SHANTI) అనే కొత్త అణు విద్యుత్ చట్టం పాసై ప్రైవేటు కంపెనీలకు కూడా తలుపులు తెరిచారు. వయసైపోయిన బొగ్గు ప్లాంట్ల చోట ఈ చిన్న రియాక్టర్లు పెట్టొచ్చని ప్రభుత్వమే చెబుతోంది. అక్కడ వైజాగ్‌లో గూగుల్ 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ అంటోంది, దానికి రాత్రీ పగలూ కరెంటు కావాలి, అదెక్కణ్నుంచి తెస్తారో.

నాకు అర్థం కానిది ఏంటంటే, చిన్నది అంటే నిజంగా ఎంత చిన్నది? లారీలో తెచ్చి దించేస్తారా? మా లాంటి చోట, ఊరు పక్కనే ఉన్న జాగాలో ఇది కుదిరే పనేనా, లేక ఇంకో ఇరవై ఏళ్లు పేపర్లో చదువుకోవడానికేనా? రాజకీయం వద్దు ప్లీజ్, ఏ పార్టీ ఏం చేసిందో నాకు అక్కర్లేదు. తెలిసినవాళ్లు అసలు విషయం చెప్పండి.

బండిల్_బాబాయ్

తమ్ముడూ, నేను హైదరాబాద్‌లో అణు ఇంధనం తయారీ వైపు పనిచేసి రిటైరైనవాణ్ని, రియాక్టర్ కంట్రోల్ రూములో కూర్చున్నవాణ్ని కాదు. అది గుర్తుపెట్టుకుని చదువు.

ముందు ఒక చిక్కు విప్పాలి. మన వార్తల్లో రెండు వేరే వేరే వస్తువుల్ని ఒకే గాటన కట్టేస్తున్నారు. ఒకటి భారత్ స్మాల్ రియాక్టర్, అంటే బీఎస్ఆర్. ఇది కొత్తదేం కాదు, కైగా, నరోరా, కాక్రాపార్‌లలో ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న 220 మెగావాట్ల భారజల (బరువైన రకం హైడ్రోజన్ ఉన్న నీళ్లు వాడే) రియాక్టరే, దానికి కొన్ని మార్పులు చేసి ఫ్యాక్టరీల సొంత కరెంటు అవసరాలకు ఇస్తామంటున్నారు. 2024 డిసెంబరు ఆఖర్న ప్రభుత్వ అణు విద్యుత్ సంస్థ ఎన్‌పీసీఐఎల్ పిలిచిన ప్రతిపాదనలు దీనికే. జాగా, నీళ్లు, డబ్బు ప్రైవేటు కంపెనీవి, నడిపే బాధ్యత ఎన్‌పీసీఐఎల్‌ది. రెండోది భారత్ స్మాల్ మాడ్యులర్ రియాక్టర్, బీఎస్ఎంఆర్-200. ఇది బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం), ఎన్‌పీసీఐఎల్ కలిసి చేస్తున్న డిజైన్, ఇంకా కట్టలేదు, మొదటిది తారాపూర్‌లో పెడతామన్నారు. దాని పక్కనే 55 మెగావాట్లది ఇంకోటి. మూడోది ఒకటుంది, మన అచ్యుతాపురం దగ్గరున్న బార్క్ వైజాగ్‌లో పెట్టాలనుకుంటున్నది, 5 మెగావాట్ల ఉష్ణ సామర్థ్యంతో గ్యాస్‌తో చల్లబడే రియాక్టర్. అది హైడ్రోజన్ తయారీ కోసం, దాంతో మీ ఊళ్లో ఒక బల్బు కూడా వెలగదు.

అంతర్జాతీయంగా యూనిట్‌కు 300 మెగావాట్ల దాకా ఉంటే చిన్నది అంటారు. ఆ లెక్కన మనం 1969 నుంచీ చిన్న రియాక్టర్లే నడుపుతున్నాం, తారాపూర్ మొదటి రెండు యూనిట్లు ఇప్పుడు 160 మెగావాట్లే. కాబట్టి అందరూ సైజు గురించి మాట్లాడతారు గానీ అసలు కొత్తదనం మాడ్యులర్ అన్న మాటలో ఉంది, అంటే భాగాల్ని ఫ్యాక్టరీలో వరసగా ఒకేలాంటివి తయారుచేసి సైటుకు తెచ్చి బిగించడం. రియాక్టర్ మొత్తం లారీ మీద రాదు. రియాక్టర్ పాత్ర, స్టీమ్ జనరేటర్, పైపుల గుత్తులు విడివిడిగా వస్తాయి. కాంక్రీటు పని, నేల తవ్వకం అన్నీ మామూలే.

ఇప్పుడు ఇంధనం సంగతి, ఇది నాకు తెలిసిన ఏరియా కాబట్టి కాస్త ఎక్కువ చెప్తా, ఓపిక పట్టు. 220 మెగావాట్ల రియాక్టర్‌కు వాడే ఇంధన బండిల్ ఎలా ఉంటుందంటే, అర మీటరు పొడవు, 19 సన్నటి జిర్కలాయ్ (జిర్కోనియం మిశ్రమ లోహం) గొట్టాలు గుత్తిగా, రెండు వైపులా పలకలకు వెల్డింగ్ చేసి ఉంటాయి. లోపల సహజ యురేనియం ఆక్సైడ్ బిళ్లలు, చిటికెన వేలి కొస కంటే కాస్త లావు, నల్లగా ఉంటాయి. బరువు పదహారు కిలోల చిల్లర, కొత్త బండిల్‌ను గ్లవ్స్ వేసుకుని చేతులతోనే ఎత్తి తనిఖీ చేస్తాం, ఏం కాదు. రియాక్టర్‌లోకి వెళ్లొచ్చాక మాత్రం దాని దగ్గరికి ఎవరూ పోకూడదు. రియాక్టర్‌లో 306 ఛానళ్లు అడ్డంగా ఉంటాయి, ఒక్కోదాంట్లో 12 బండిళ్లు, అంటే మొత్తం 3,672. రియాక్టర్ నడుస్తుండగానే రెండు వైపులా రెండు మెషీన్లు పట్టుకుని ఒక పక్క కొత్తవి తోస్తే ఇంకో పక్క పాతవి బయటికొస్తాయి. ఆపాల్సిన పనిలేదు. అందుకే కైగా మొదటి యూనిట్ 2016 మే నుంచి 2018 డిసెంబరు 31 దాకా 962 రోజులు ఆగకుండా నడిచి అప్పటికి ప్రపంచ రికార్డు కొట్టింది.

దీనికి యురేనియాన్ని శుద్ధి చేస్తే చాలు, ఎన్‌రిచ్‌మెంట్, అంటే అందులో యురేనియం-235 పాలు పెంచడం, అక్కర్లేదు. కావలసింది భారజలం. ఆ భారజలం ఎక్కడ తయారవుతుందో తెలుసుగా, మీ జిల్లాలోనే, మణుగూరు ప్లాంటులో, గోదావరి నీళ్ల నుంచి. బండిళ్లు హైదరాబాద్‌లో, యురేనియంలో కొంత కడప జిల్లా తుమ్మలపల్లెలో. అంటే బీఎస్ఆర్‌కు కావలసిన ముఖ్యమైన సరుకంతా తెలుగు నేల మీదే దొరుకుతుంది. బీఎస్ఎంఆర్-200కు అలా కాదు. అది మామూలు నీళ్లతో నడిచేది, దానికి కొద్దిగా ఎన్‌రిచ్ చేసిన యురేనియం కావాలి. మన దేశంలో ఆ సామర్థ్యం తక్కువ, ఉన్నదానికి వేరే పనులున్నాయి. కాబట్టి ఇంధన భద్రత అనే మాట వాడే ముందు ఏ రియాక్టర్ గురించి మాట్లాడుతున్నామో చూసుకోవాలి.

యూనిట్_రేటెంత

బాబాయ్ గారు ఇంధనం బాగా చెప్పారు. నేను డబ్బు సంగతి చెప్తా, ఎందుకంటే చివరికి బిల్లు కట్టేది మనమే.

పెద్ద రియాక్టర్లు ఎందుకు కట్టారు అసలు? సరదాకి కాదు. ప్లాంటు సైజు పెరిగితే ఖర్చు అదే నిష్పత్తిలో పెరగదు, ఇంజనీర్లు మోటుగా 0.6 ఘాతం అని లెక్కేస్తారు. 1000 మెగావాట్ల ప్లాంటుకు 100 రూపాయలు అనుకుంటే 220 మెగావాట్లదానికి 22 కాదు, సుమారు 40 అవుతుంది. అంటే మెగావాట్‌కు దాదాపు రెట్టింపు. సెక్యూరిటీ గార్డులు, కంట్రోల్ రూము, లైసెన్సు పేపర్లు, రేడియేషన్ మానిటరింగ్, ఇవేవీ ప్లాంటు చిన్నదైందని సగానికి తగ్గవు. ఈ నష్టాన్ని ఒకే డిజైన్‌ను పదులకొద్దీ కట్టి, ప్రతిసారీ ఖర్చు తగ్గించుకుంటూ పూడ్చాలి. మొదటి ఒకటి రెండు ఎప్పుడూ నష్టమే. మరి ఆ మొదటి రెండు ఎవరు కొంటారు? ప్రపంచంలో ఎస్ఎంఆర్ కథ ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే.

నమ్మకపోతే అమెరికాలో న్యూస్కేల్ అనే కంపెనీని చూడండి. 2023 జనవరిలో అక్కడి రెగ్యులేటర్ నుంచి డిజైన్ సర్టిఫికెట్ తెచ్చుకున్న మొదటి ఎస్ఎంఆర్ అదే. యూటా వైపు చిన్న చిన్న పట్టణాల కరెంటు సంస్థలన్నీ కలిసి కొంటామన్నాయి. మెగావాట్ అవర్‌కు 58 డాలర్లు అన్న రేటు ప్రభుత్వ రాయితీలు కలుపుకున్నాక కూడా 89కి ఎక్కింది. అంతే, చేరతామన్న పట్టణాలు సరిపోలేదు, అదే ఏడాది నవంబరులో ప్రాజెక్టు రద్దు. టెక్నాలజీ ఫెయిలవలేదు, రెగ్యులేటర్ అడ్డుపడలేదు, కొనేవాడు లేడు.

చైనా వాళ్లు షిదావ్‌వాన్‌లో గ్యాస్ రియాక్టర్ కట్టారు, 210 మెగావాట్లు. 2012లో మొదలుపెట్టి 2021లో గ్రిడ్‌కు కలిపి 2023 డిసెంబరులో కమర్షియల్ అన్నారు. చైనాకే పదకొండేళ్లు! రష్యావాడు ఓడ మీద రెండు 35 మెగావాట్ల రియాక్టర్లు పెట్టి ఆర్కిటిక్‌లో పెవెక్ అనే ఊరికి లాక్కెళ్లాడు, పని 2007లో మొదలైతే కరెంటు 2019 డిసెంబరులో ఇచ్చింది. అర్జెంటీనాది 2014లో మొదలై మధ్యలోనే ఆగింది.

ఇటు చూస్తే సోలార్ వేలంలో యూనిట్ రెండున్నర దగ్గర పలుకుతోంది. బ్యాటరీ కలిపినా రేట్లు ఏడాదికేడాది దిగుతున్నాయి. బీఎస్ఎంఆర్‌కు మంజూరు వచ్చాక 60 నుంచి 72 నెలలు పడుతుందని ప్రభుత్వమే చెప్పింది. 2033 ఎంత దగ్గరో మీరే లెక్కేసుకోండి. ఇంకో మాట, చిన్న కోర్‌లోంచి (ఇంధనం ఉండే మధ్య భాగం) న్యూట్రాన్లు ఎక్కువ తప్పించుకుపోతాయి, దాంతో కొన్ని ఎస్ఎంఆర్ డిజైన్లలో వ్యర్థాల పరిమాణం పెద్ద రియాక్టర్ల కంటే 2 నుంచి 30 రెట్లు ఉండొచ్చని 2022లో అమెరికన్ పరిశోధకులు రాశారు. కంపెనీలు ఒప్పుకోలేదు లెండి, ఒప్పుకుంటే ఆశ్చర్యం.

ఒంటారియో_అల్లుడు

కొనేవాడు లేడు అన్నారు కదా రేటెంత గారూ, మా దగ్గర ఒకడు కొన్నాడు. నేను టొరంటోకు తూర్పున ఉంటా, డార్లింగ్టన్ అణు కేంద్రం కారులో అరగంట. నాది సివిల్ కాంట్రాక్టింగ్, న్యూక్లియర్ కాదు, కానీ ఆ ప్రాజెక్టు మాటలు రోజూ చెవిన పడతాయి.

ఇక్కడ బీడబ్ల్యూఆర్‌ఎక్స్-300 అనే డిజైన్ నాలుగు యూనిట్లు కడుతున్నారు, ఒక్కోటి 300 మెగావాట్లు. 2025 ఏప్రిల్‌లో నిర్మాణ లైసెన్సు, మే నెలలో ఒంటారియో ప్రభుత్వం ఓకే. మొత్తం నాలుగింటికీ 20.9 బిలియన్ కెనడియన్ డాలర్లు, అందులో నాలుగింటికీ పనికొచ్చే ఉమ్మడి పనుల ఖర్చు కలిపి మొదటి యూనిట్‌కే 7.7 బిలియన్లు. రూపాయల్లోకి మార్చి చూస్తే మెగావాట్‌కు వంద కోట్లు పైమాటే. మన దేశంలో 2017లో ఒకేసారి పది 700 మెగావాట్ల రియాక్టర్లకు కేబినెట్ ఓకే చెప్పినప్పుడు వేసిన అంచనా మొత్తం రూ.1,05,000 కోట్లు, అంటే మెగావాట్‌కు 15 కోట్లు. కూలీ రేట్లు వేరు, ఏళ్లు వేరు, ధరలు పెరిగాయి, అన్నీ ఒప్పుకుంటా. అయినా ఆరేడు రెట్లు తేడా అంటే మామూలు విషయం కాదు.

మరి ఇంత రేటుకు ఎందుకు కొన్నారు? ఎందుకంటే ఈ రాష్ట్రం 2014లో బొగ్గు పూర్తిగా మానేసింది, కరెంటులో సగం దాకా అణు విద్యుత్తే, జనానికి అలవాటు. సైటు పాతదే, సముద్రంలాంటి సరస్సు ఒడ్డున, పక్కనే నాలుగు పెద్ద రియాక్టర్లు, లైసెన్సులున్న ఆపరేటర్లు వేలల్లో. కంపెనీ ప్రభుత్వానిది. మొదటి యూనిట్ నష్టాన్ని భరించడానికి ఒక పెద్దన్న ఉన్నాడన్నమాట. న్యూస్కేల్‌ను నమ్ముకున్న పట్టణాలకు అలాంటివాడు లేడు. సింపుల్.

సైటులో చూస్తే ఇది చిన్న ప్రాజెక్టులా ఏం అనిపించదు బ్రో. రియాక్టర్ బిల్డింగ్ చాలా భాగం నేల లోపలికి పోతుంది, దానికి తవ్విన గొయ్యి చూస్తే కళ్లు తిరుగుతాయి. డిజైన్‌లో మాత్రం నిజంగా నచ్చే విషయం ఉంది, లోపల నీళ్లు తిప్పడానికి పంపులే ఉండవు, వేడెక్కిన నీళ్లు పైకి, చల్లబడినవి కిందికి, వాటంతట అవే తిరుగుతాయి. కరెంటు మొత్తం పోయినా, ఎవరూ బటన్ నొక్కకపోయినా ఏడు రోజులు చల్లబడేలా చేశామంటున్నారు.

ఇంధనం మీద బాబాయ్ గారు చెప్పిందే ఇక్కడా గొడవ. కెనడా పాత రియాక్టర్లు మన వాటిలాగే సహజ యురేనియంతో నడుస్తాయి (మన భారజల రియాక్టర్లకు తాత ఇక్కడివాడే కదా), తవ్వేదీ వాళ్లే, వాడేదీ వాళ్లే. కొత్తదానికి ఎన్‌రిచ్ చేసింది బయట నుంచి కొనాలి. సొంతంగా సాగుతున్న సంసారాన్ని ఎందుకు అప్పుల పాలు చేస్తున్నారు అని రిటైరైన ఇంజనీర్లు పేపర్లలో రాస్తున్నారు.

కిన్నెరసాని_కుర్రోడు

అందరికీ థ్యాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. బాబాయ్ గారూ, రెండు డౌట్లు. ఒకటి సేఫ్టీ, మా అమ్మ ఫుకుషిమా అనగానే టీవీ కట్టేస్తుంది. రెండోది, మా సైటు మాటేమిటి? ఎవరూ దానికి జవాబు చెప్పలేదు.

బండిల్_బాబాయ్

సేఫ్టీ దగ్గర చిన్నదానికి నిజమైన లాభం ఉంది, అమ్మగారికి ఇలా చెప్పు. ఫుకుషిమాలో భూకంపం రాగానే రియాక్టర్లు ఆగిపోయాయి, ఆ పని సవ్యంగానే జరిగింది. కానీ రియాక్టర్ ఆగాక కూడా ఇంధనంలో వేడి పుడుతూనే ఉంటుంది, ఆపిన క్షణంలో పూర్తి ఉష్ణ సామర్థ్యంలో ఆరేడు శాతం, ఒక రోజు గడిచాక అర శాతం దగ్గర. సునామీ వచ్చి డీజిల్ జనరేటర్లను ముంచేసింది, ఆ వేడిని తీసే పంపులు ఆగాయి, అక్కడే కొంప మునిగింది. ఇప్పుడు లెక్క చూడు. 3000 మెగావాట్ల ఉష్ణ సామర్థ్యమున్న పెద్ద రియాక్టర్‌లో ఆపిన వెంటనే 200 మెగావాట్ల వేడి. 220 మెగావాట్ల కరెంటు ఇచ్చేదానిలో ఉష్ణం 750 చిల్లర, అందులో ఆరున్నర శాతమంటే 50 లోపు, మర్నాటికి 4 మెగావాట్లు. అంత వేడిని పంపు లేకుండా, పైన ట్యాంకులో నీళ్లు పెట్టి తీసెయ్యడం ఇంజనీరింగ్‌గా సాధ్యమే. ప్రమాదమే జరగదని నేను చెప్పను, మన కాక్రాపార్‌లో 2016లో కూలెంట్ ఛానల్ లీకైంది, యూనిట్‌ను ఆపి సురక్షితంగా చల్లబరిచారు. చేతిలో టైము ఎక్కువ ఉంటుంది అని మాత్రం చెప్పగలను. ఇందులో టైమే అన్నిటికంటే ముఖ్యం.

మీ సైటు. నా అభిప్రాయం చెప్తా, అధికారికం కాదు. రియాక్టర్ చుట్టూ ఎవరూ నివసించని జోన్ కావాలి, మన దగ్గర మామూలుగా కనీసం కిలోమీటరు. అది దాటాక కూడా చుట్టుపక్కల జనాభా మీద, ఎమర్జెన్సీలో జనాన్ని తరలించే రోడ్ల మీద లెక్కలుంటాయి. పాల్వంచలో ప్లాంటు గేటుకీ ఇళ్లకీ ఎంత దూరమో నీకే తెలుసు. థర్మల్ ప్లాంటు చుట్టూ ఊరు పెరిగిపోవడం దేశమంతా ఉన్న సమస్యే, పాత బొగ్గు సైట్లలో చాలావాటికి ఇక్కడే చుక్కెదురవుతుంది. ఎస్ఎంఆర్‌లకు ఈ జోన్ తగ్గించాలని వాదన నడుస్తోంది, అమెరికాలో న్యూస్కేల్ తన ఎమర్జెన్సీ జోన్‌ను ప్లాంటు ప్రహరీ దాకా తగ్గించే పద్ధతికి 2022లో అనుమతి కూడా తెచ్చుకుంది. మన రెగ్యులేటర్ ఏం అంటుందో అదే చివరి మాట.

ఇంకోటి భూకంపం. మీది గోదావరి లోయ. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం భూకంపం 5.7, మొన్న 2024 డిసెంబరు 4న ములుగులో 5.3, హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా గోల గోల. దాన్ని తట్టుకునేలా కట్టొచ్చు, నరోరా అంతకంటే ఎక్కువ ప్రమాదమున్న జోన్‌లో ఉంది. కానీ అధ్యయనాలకే ఏళ్లు పడతాయి, ఖర్చు పెరుగుతుంది. ముందు తారాపూర్ లాంటి లైసెన్సున్న సైట్లలో కడతారు, అది న్యాయం కూడా. నీ జీవితకాలంలో పాల్వంచ వంతు రాదని అనను, 2033 జాబితాలో మాత్రం వెతకొద్దు.

రణస్థలం_జంక్షన్

మాది శ్రీకాకుళం జిల్లా, కొవ్వాడకు దగ్గర. చిన్నది పెద్దది అని మీరు లెక్కలేస్తున్నారు, మా దగ్గర ఆరు పెద్దవి అన్నారు, ఒక్కోటి 1208 మెగావాట్లు. ముందు ఒక అమెరికా కంపెనీ అన్నారు, 2010 నాటి అణు ప్రమాద బాధ్యత చట్టం ఉండగా పెట్టుబడి పెట్టనంది. తర్వాత గుజరాత్‌లో జనం వద్దన్న వెస్టింగ్‌హౌస్ ప్రాజెక్టును ఇటు తెచ్చారు, 2017లో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, మళ్లీ లేచింది. ఒక్క రియాక్టర్‌కూ కాంక్రీటు పడలేదు. భూసేకరణ కింద ఉన్న ఊరంటే ఏంటో అందులో ఉన్నవాడికే తెలుస్తుంది. ఇల్లు కారుతుంటే రేకు మార్చాలా వద్దా, పిల్లకి సంబంధం వస్తే ఈ ఊళ్లోనే ఉంటామని చెప్పాలా వద్దా. ప్రాజెక్టు వచ్చినా రాకపోయినా ఇదొక శిక్ష. పాల్వంచ తమ్ముడూ, మీకు కనీసం భూమి ఎప్పుడో తీసేసుకున్న సైటు ఉంది, ఆ ఒక్కటీ మీ అదృష్టం.

నేను అడిగేది ఒక్కటే విషయం. కొత్త శాంతి చట్టంలో ప్రమాదం జరిగితే ఆపరేటర్ కట్టాల్సిన పరిహారం రియాక్టర్ సైజును బట్టి పెట్టారు. బాగా పెద్దవాటికి 3,000 కోట్లు. 150 నుంచి 750 మెగావాట్ల ఉష్ణ సామర్థ్యం ఉన్నవాటికి 300 కోట్లు. బీఎస్ఎంఆర్-200 లాంటిది లెక్క ప్రకారం ఆ బాపతులోకే వస్తుంది. పాత చట్టంలో 10 మెగావాట్లు దాటిన ఏ రియాక్టర్‌కైనా 1,500 కోట్లు ఉండేది. దానిపైన ప్రభుత్వం చూసుకుంటుంది అంటారు, సరే. కానీ ఊరికి దగ్గరగా పెట్టొచ్చు అని చెప్తున్న రియాక్టర్‌కే పరిహారం తక్కువ పెట్టడం ఏ లెక్కో ఎవరైనా చెప్పండి. సామాను సప్లై చేసిన కంపెనీ మీద కేసు వేసే వీలు కూడా పాత చట్టంలో ఉన్నట్టు లేదిప్పుడు. సేఫ్టీ అంత బాగుంటే భయమెందుకు?

యూనిట్_రేటెంత

రణస్థలం గారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, మంచి ప్రశ్న. చిన్నదాంట్లో రేడియోధార్మిక పదార్థం తక్కువ కాబట్టి నష్టం తక్కువ అన్నది వాళ్ల లాజిక్ అయ్యుంటుంది, కానీ జనాభాకు దగ్గరగా పెడితే ఆ లాజిక్ నిలవదు.

నా మాటలు విని అణు విద్యుత్తే వద్దంటున్నానని అనుకోకండి. నా బాధ అంతా ఐదు రకాల డిజైన్లు పెట్టుకుని ఒక్కోటి ఒక్కటే కట్టడం మీద. బాబాయ్ గారు చెప్పిన 220 మెగావాట్లది ఇప్పటికే పదికి పైగా కట్టిన డిజైన్, ఎక్కడ చిల్లు పడుతుందో ఏ వాల్వు మొరాయిస్తుందో తెలిసినది. సిమెంటు, ఉక్కు, అల్యూమినియం ఫ్యాక్టరీలు సొంత బొగ్గు ప్లాంట్లు నడుపుతున్నాయి, వాటికి యూనిట్ రెండున్నర సోలార్ రాత్రి పనికిరాదు, ప్లాంటు ఆగితే నష్టం కోట్లలో. అలాంటివాళ్లు పది మంది కలిసి ఒకే డిజైన్ పది కొంటే రేటు దిగుతుంది. తలా ఒకటి వేరే దేశం నుంచి తెస్తే న్యూస్కేల్ కథే.

బండిల్_బాబాయ్

దీనికి ఇంకో కారణం కలుపుతా. 1974లో పోఖ్రాన్ అణు పరీక్ష తర్వాత తారాపూర్ ఇంధనం దగ్గర ఏం జరిగిందో మా తరానికి బాగా గుర్తు. అమెరికా వాడు ఇస్తానన్న ఎన్‌రిచ్డ్ యురేనియం సప్లై మీద పేచీ పెట్టి చివరికి మానేశాడు, తర్వాత ఫ్రాన్స్, చైనా, రష్యా ఇలా ఒక్కొక్కరి గుమ్మం ఎక్కాల్సి వచ్చింది. అదే సమయంలో కెనడా రాజస్థాన్ ప్రాజెక్టు మధ్యలో వదిలేసి వెళ్తే మనవాళ్లు పూర్తి చేసుకున్నారు, ఎందుకంటే దానికి సహజ యురేనియం చాలు. ఒకే దెబ్బ, రెండు రియాక్టర్లు, రెండు ఫలితాలు. ఇప్పుడు అమెరికాలో బిల్ గేట్స్ పెట్టుబడి పెట్టిన కంపెనీ వయోమింగ్‌లో, అదీ ఒక బొగ్గు ప్లాంటు పక్కనే, 345 మెగావాట్ల సోడియం రియాక్టర్ కడుతోంది. దానికి కావలసిన రకం ఇంధనం అమ్మేవాడు రష్యా ఒక్కడే ఉండేవాడు, ఉక్రెయిన్ యుద్ధం రాగానే షెడ్యూలు వెనక్కి పోయింది. అంత పెద్ద దేశానికే తప్పలేదు.

కిన్నెరసాని_కుర్రోడు

చివరిగా ఒకటి. మా నాన్న టర్బైన్ సైడ్ పనిచేశారు, ఈ థ్రెడ్ చదివి వినిపిస్తే ఒక ప్రశ్న అడగమన్నారు. బొగ్గు బాయిలర్ తీసేసి ఆ చోట రియాక్టర్ పెట్టి, ఉన్న టర్బైన్‌కే స్టీమ్ ఇవ్వలేమా? మా యూనిట్లలో కొన్ని కొత్తవే కదా.

బండిల్_బాబాయ్

నాన్నగారికి నమస్కారాలు చెప్పు. అడిగిన విధానంలోనే జవాబు ఆయనకి తెలుసనిపిస్తోంది. బొగ్గు బాయిలర్ నుంచి వచ్చేది 500 డిగ్రీలు దాటిన పొడి ఆవిరి. మన భారజల రియాక్టర్ స్టీమ్ జనరేటర్ ఇచ్చేది 250 డిగ్రీల దగ్గర, 40 బార్ ప్రెషర్‌లో, తడి అంచున ఉన్న ఆవిరి. దాన్ని ఆ టర్బైన్‌లోకి పంపితే నీటి తుంపర్లు కొట్టి బ్లేడ్లు తినేస్తాయి, పవరూ రాదు. అణు ప్లాంటు టర్బైన్ వేరే, ఒళ్లు పెద్దది, మధ్యలో తేమ తీసే గిన్నెలుంటాయి. బీఎస్ఎంఆర్‌ది కూడా ఇంచుమించు ఇదే పరిస్థితి. చైనా గ్యాస్ రియాక్టర్ మాత్రం 560 డిగ్రీల పైన ఆవిరి ఇస్తుంది, అందుకే పాత బొగ్గు టర్బైన్లకు తగిలించొచ్చని వాళ్లకు ఆశ. మనకు ఆ దారిలో ఉన్నది వైజాగ్‌లో రాబోయే ఆ 5 మెగావాట్లదే. అది పెరిగి పెద్దదయ్యేసరికి మీ ఇప్పటి టర్బైన్లు కూడా తుక్కుకే పోతాయి.

మీ దగ్గర పనికొచ్చేవి స్విచ్‌యార్డు, 220 కేవీ లైన్లు, నీటి కేటాయింపు, రైలు ట్రాక్, ఇంకా నాన్నగారిలాంటి ఆపరేటర్లు. వాళ్లకు ట్రైనింగ్ ఇస్తే కన్వెన్షనల్ ఐలాండ్ వైపు, అంటే టర్బైన్, కండెన్సర్, ఫీడ్ పంపుల దగ్గర, ఏడాదిలోపు పనిలోకి దిగుతారు.

ఒంటారియో_అల్లుడు

ఇక్కడా అదే జరిగింది, బొగ్గు ప్లాంట్లు మూసినప్పుడు అక్కడివాళ్లలో కొంతమంది న్యూక్లియర్ వైపు వచ్చారు. అంకుల్‌ని అడగండి, డార్లింగ్టన్ చలి తట్టుకుంటారేమో. జనవరిలో మైనస్ ఇరవై, టర్బైన్ హాల్లో మాత్రం బ్రహ్మాండంగా వెచ్చగా ఉంటుందట.